వేరే దేశంలోని మన ప్లాంటుకు తెలిసిన కిటుకు మనదాకా ఎందుకు రాదు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. 6 దేశాల్లో యూనిట్లున్న తయారీ కంపెనీ మీది. రెండేళ్ల కిందట నాలెడ్జ్ షేరింగ్ కోసం పోర్టల్ పెట్టారు, దాంట్లో వేల డాక్యుమెంట్లు చేరాయి. ఇప్పుడు పైవాళ్లు "దీనివల్ల పనితీరు ఎంత మెరుగైంది? లెక్క చూపించండి" అంటున్నారు. 3 నెలల్లో రివ్యూ ఉంది. మీ దగ్గర ఎన్ని అప్‌లోడ్ అయ్యాయి, ఎంతమంది లాగిన్ అయ్యారు అన్న లెక్కలు తప్ప ఇంకేమీ లేవు. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: మనవాళ్లు తమకు తెలిసింది పక్క యూనిట్ వాళ్లకు ఎందుకు చెప్పరు?

ఈ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. నేను 22 ఏళ్లుగా తయారీ రంగంలో ఉన్నాను. అందులో 14 ఏళ్లు నా పనే ఇది: ఒక ప్లాంటులో బాగా పనిచేసిన పద్ధతిని ఇంకో దేశంలోని ప్లాంటుకు చేర్చడం. నేను చూసినంతలో, చెప్పేవాళ్లు దాచుకోవడం వల్ల ఆగిపోయినవి కొన్నే. చెప్పింది అవతలివాళ్లకు ఒంటబట్టక ఆగిపోయినవి చాలా ఎక్కువ. మీరు వెతుకుతున్న పనితీరు లెక్క కూడా ఆ తీసుకునేవాళ్ల దగ్గరే దొరుకుతుంది. పోర్టల్ దగ్గర ఎంత వెతికినా దొరకదు.

ఒక సంఘటన చెబుతాను. అప్పట్లో మా కంపెనీకి 4 దేశాల్లో ఒకే రకం ప్యాకింగ్ లైన్లు ఉండేవి. ప్లాస్టిక్ ఫిల్మ్‌ను సంచీలా మలిచి, సరుకు నింపి, పైన వేడి పట్టీలతో సీలు వేసే లైన్లు. నాలుగు చోట్లా ఒకటే తలనొప్పి, సీలు సరిగా అతుక్కోక సంచీలు కారడం. ఒక ప్లాంటు వాళ్లు ఆరు నెలలు కష్టపడి ఆ కారడాన్ని సగానికి పైగా తగ్గించారు. హెడ్ ఆఫీసుకు సంతోషం. వాళ్ల చేత 14 పేజీల డాక్యుమెంట్ రాయించారు. పట్టీల ఉష్ణోగ్రత ఎంత తగ్గించాలి, ఒత్తిడి ఎంత పెంచాలి, ఎంతసేపు నొక్కి ఉంచాలి, అన్నీ ఉన్నాయి. ఫొటోలూ ఉన్నాయి. మిగతా మూడు ప్లాంట్లకూ పంపారు.

మొదట అమలు చేసిన ప్లాంటులో మొదటి వారమే కారే సంచీలు పెరిగాయి. రెండో వారం అక్కడి మేనేజర్ ఫోన్ చేసి, "మా ఫిల్మ్ వేరు, మా వాతావరణం వేరు, ఇది మాకు పనికిరాదు" అన్నారు. పాత సెట్టింగులకు వెళ్లిపోయారు. పద్ధతి కనిపెట్టిన ప్లాంటు వాళ్లను అడిగితే, "మేం అన్నీ రాసిచ్చాం, వాళ్లే సరిగా చేయలేదు" అన్నారు. రెండు మాటల్లోనూ కోపం ఉంది. కాగితం మీద మాత్రం "పద్ధతి 3 ప్లాంట్లకు బదిలీ అయింది" అని నమోదైంది. ఆ వాక్యం రాసింది నేనే. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగు నెలల తర్వాత, నేను పట్టుబట్టి, పద్ధతి కనిపెట్టిన ప్లాంటు నుంచి ఒక ఆపరేటర్‌ను, అమలు చేసి వదిలేసిన ఆ ప్లాంటుకు వారం రోజులు పంపించాను. ఆయన లైన్ దగ్గరికి వెళ్లాక కంట్రోల్ ప్యానెల్ వైపు చూడనేలేదు. ఫిల్మ్ రోల్ మీద అరచేయి పెట్టాడు. రెండు క్షణాలు ఆగి, "ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?" అన్నాడు. ఆ ప్లాంటులో రోళ్లు చల్లటి స్టోర్ నుంచి నేరుగా లైన్ మీదికి వస్తాయి. ఆయన ప్లాంటులో ముందురోజు సాయంత్రమే రోళ్లు తెచ్చి మిషన్ పక్కన పెట్టేస్తారు. కారణం ఏమిటంటే, వాళ్ల స్టోర్ దూరం, రాత్రి షిఫ్టులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి ఉండడు. అంతే. రాత్రంతా హాల్లో ఉన్న రోల్ తెల్లారేసరికి హాలు వేడికి వచ్చేస్తుంది. అలాంటి ఫిల్మ్‌కు తక్కువ వేడి సరిపోతుంది. స్టోర్ నుంచి అప్పుడే వచ్చిన చల్లటి ఫిల్మ్‌కు చాలదు.

ఆ విషయం 14 పేజీల్లో ఎక్కడా లేదు. దాచిపెట్టారని కాదు. తమ విజయంలో ఆ రోళ్లకు భాగం ఉందని వాళ్లకే తెలియదు. రోళ్లను ముందురోజే తెచ్చి పెట్టడం మొదలుపెట్టిన మూడో రోజుకల్లా ఆ ప్లాంటులో ఫలితం కనిపించింది.

ఈ అనుభవం మాకొక్కరికే ప్రత్యేకం కాదని తర్వాత తెలిసింది. గాబ్రియేల్ సులాన్‌స్కీ అనే పరిశోధకుడు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. 8 కంపెనీల్లో, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మంచి పద్ధతులు చేర్చిన 122 ప్రయత్నాలను పరిశీలించారు. అప్పటిదాకా అందరూ అనుకున్నది, మనుషులకు ఇష్టం లేకే ఇది జరగదని. ఇచ్చేవాళ్లకు ఇవ్వబుద్ధి కాదు, తీసుకునేవాళ్లకు అహం అడ్డం అని. ఆయన లెక్కల్లో అంతకన్నా పెద్ద అడ్డంకులుగా తేలినవి మూడు. తీసుకునే చోట దాన్ని ఒంటబట్టించుకునే సత్తా లేకపోవడం, ఆ పద్ధతి అసలు ఎందుకు పనిచేస్తోందో ఇచ్చేవాళ్లకు కూడా పూర్తిగా తెలియకపోవడం, రెండు పక్షాల మధ్య సంబంధం కష్టంగా ఉండటం. మా రోళ్ల కథలో ఈ మూడూ ఉన్నాయి.

వీటిలో రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. బాగా పనిచేసే ఏ యూనిట్‌లోనైనా, తెలిసి చేసేవి కొన్ని, అలవాటుగా చేసేవి కొన్ని, పరిస్థితుల వల్ల కలిసొచ్చినవి కొన్ని ఉంటాయి. "మీ పద్ధతి రాసివ్వండి" అంటే మొదటి రకమే కాగితం మీదికి వస్తుంది. చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీ ఈ ఇబ్బందిని సూటిగా ఎదుర్కొంది. ఏ చిన్న తేడా దిగుబడిని దెబ్బతీస్తుందో ముందుగా చెప్పలేం కాబట్టి, కొత్త ఫ్యాక్టరీని పాతదానికి మక్కికి మక్కిగా కట్టాలని నియమం పెట్టుకుంది. అదే యంత్రాలు, అవే సెట్టింగులు, పైపుల అమరికతో సహా. మార్చాలంటే ఆ మార్పును రుజువుతో ఒప్పించాలి. ఎవరి తెలివినీ తక్కువ చేయడానికి పెట్టిన నియమం కాదిది. మనకు తెలియని కారణాలు కూడా ఉంటాయని ఒప్పుకుని పెట్టుకున్నది. అందరికీ అంత ఖర్చు సాధ్యం కాదు. కానీ కొత్త పద్ధతిని మొదటిసారి అమలుచేసే యూనిట్, ఫలితం వచ్చేదాకా తన సవరణలు చేర్చకుండా ఉండగలదు కదా. ఆ క్రమశిక్షణకు పైసా ఖర్చు లేదు. మా దగ్గర ఇది పాటించిన చోటల్లా, తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టడం ఎంతో తేలికైంది.

ఒకే కంపెనీ గోడల మధ్య కూడా జ్ఞానం కదలదనడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నుమ్మీ కార్ల ఫ్యాక్టరీ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక ఫ్యాక్టరీ ఉండేది. గైర్హాజరీ, గొడవలు, నాసిరకం కార్లు అన్న పేరు మోసి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి దాన్నే మళ్లీ తెరిచారు. కార్మికులు చాలావరకు పాతవాళ్లే, యూనియన్ కూడా అదే. వాళ్లలో వందల మందిని బృందాలుగా జపాన్‌లోని టయోటా ప్లాంటుకు పంపి, అక్కడి లైన్ల మీద అక్కడివాళ్ల పక్కన నిలబెట్టి పని నేర్పించారు. కొద్దికాలంలోనే ఆ ఫ్యాక్టరీ కార్ల నాణ్యత జపాన్‌లో తయారైన వాటికి దగ్గరగా వచ్చింది. అంటే దేశం దాటి, భాష దాటి జ్ఞానం వెళ్లగలిగింది. అదే జనరల్ మోటార్స్ తన సొంత కంపెనీలోని ఇతర ఫ్యాక్టరీలకు ఈ పద్ధతిని చేర్చడానికి ఏళ్ల తరబడి అవస్థపడింది. అదే రాష్ట్రంలోని వాన్ నైస్ ప్లాంటులో ప్రయత్నం నిలదొక్కుకోలేదు. అది 1992లో మూతపడింది.

తేడా ఎక్కడుంది? లోపం కనిపిస్తే కార్మికుడు తాడు లాగి లైన్ ఆపవచ్చు, ఇది టయోటా పద్ధతిలో అందరికీ కనిపించే భాగం. తాడు వేలాడదీయడం ఏ ఫ్యాక్టరీకైనా ఒక పూట పని. లాగినవాణ్ని తిట్టకుండా, టీమ్ లీడర్ పరుగున వచ్చి "ఏమైంది?" అని అడిగి సాయం చేయడం మాత్రం అలవాటు కావాలి. ఆ అలవాటు జపాన్‌లో పక్కన నిలబడి పనిచేసినవాళ్లకు వచ్చింది. సగటు మేనేజర్‌కు లైన్ ఆగితే ఇప్పటికీ టెన్షనే. తన బోనస్ ఆ రోజు ఎన్ని కార్లు బయటికి వచ్చాయన్నదాని మీద ఆధారపడి ఉంటే ఆయన ఆ తాడును ఎలా ప్రోత్సహిస్తాడు?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పనితీరు. నాలెడ్జ్ షేరింగ్ వల్ల పనితీరు పెరుగుతుందా అంటే పెరుగుతుంది, కానీ దానంతట అది పెరగదు. 2001లో వెన్‌పిన్ సాయ్ ఒక పెట్రోకెమికల్ కంపెనీలోని 24 యూనిట్లను, ఒక ఆహార తయారీ కంపెనీలోని 36 యూనిట్లను పరిశీలించారు. ఇతర యూనిట్లతో ఎక్కువ సంబంధాలున్న యూనిట్ అందరికంటే ఎక్కువ వింటుంది, నిజమే. అయితే విన్నదాన్ని జీర్ణించుకునే సత్తా కూడా ఉన్నప్పుడు ఆ సంబంధాల ఫలితం కొత్త ఉత్పత్తుల్లోనూ లాభాల్లోనూ బలంగా కనిపించింది. నా భాషలో చెప్పాలంటే, దేశదేశాల వాళ్లతో కాల్స్‌లో కూర్చునే యూనిట్‌కు సొంతంగా ప్రయోగాలు చేసుకునే ఇద్దరు మంచి ఇంజనీర్లు లేకపోతే ఆ కాల్స్ బూడిదలో పోసిన పన్నీరే.

ఇంకో అధ్యయనాన్ని మీ పైవాళ్లకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే దాని ఫలితం ఎవరూ ఊహించనిది. మార్టీన్ హాస్, మోర్టెన్ హాన్సెన్ అనే ఇద్దరు ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో కొత్త కాంట్రాక్టుల కోసం పోటీపడిన 182 సేల్స్ టీమ్‌లను పరిశీలించారు. 2005లో ప్రచురించిన దాంట్లో తేలినది ఇది: బాగా అనుభవమున్న టీమ్‌లు కంపెనీ డేటాబేస్‌లోని డాక్యుమెంట్లను ఎంత ఎక్కువగా వాడుకుంటే, కాంట్రాక్టు గెలిచే అవకాశం అంత తగ్గింది. అదే టీమ్‌ల మీద 2007లో వచ్చిన రెండో విశ్లేషణ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. డాక్యుమెంట్లు సమయాన్ని ఆదా చేశాయి గానీ పని నాణ్యతను పెంచలేదు. అనుభవజ్ఞులైన సహోద్యోగుల సలహా నాణ్యతను పెంచింది, క్లయింటుకు ఈ టీమ్ మీద నమ్మకమూ కలిగించింది, కానీ సమయాన్ని ఆదా చేయలేదు.

ఇది చదివాక నేను ఏ రివ్యూలోనైనా మొదట ఒకటే అడగడం మొదలుపెట్టాను. ఈ పనిలో మీకు కావలసింది వేగమా, నాణ్యతా? పదోసారి చేస్తున్న పనికి, రోజూ వచ్చే బ్రేక్‌డౌన్‌కు, స్టాండర్డ్ ఫారానికి మంచి డాక్యుమెంట్ చాలు, అక్కడ పోర్టల్ నిజంగా పనికొస్తుంది. ఎప్పుడూ ఎదురుకాని సమస్యకు, పోటీ గట్టిగా ఉన్న టెండర్‌కు మనిషితో మాట్లాడాల్సిందే. రెండింటినీ ఒకే గంపలో వేసి "పోర్టల్ వల్ల పనితీరు ఎంత పెరిగింది?" అని అడిగితే ఒకదాని లాభాన్ని ఇంకోదాని నష్టం తినేస్తుంది. చివరికి ఏ ప్రభావమూ లేనట్టు కనిపిస్తుంది. మీ లెక్కల్లో ఏమీ తేలకపోవడానికి ఇది ఒక కారణం అయి ఉండవచ్చు.

హాన్సెన్ 1999లోనే ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో 41 విభాగాలకు చెందిన 120 ప్రాజెక్టులను పరిశీలించి దీనికి దగ్గరి విషయమే చెప్పారు. ముఖపరిచయం లాంటి పలచటి సంబంధాలు, ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి బాగా పనికొస్తాయి. విషయం చిక్కుగా ఉంటే, దాన్ని తెచ్చుకోవడానికి మాత్రం గట్టి సంబంధం కావాలి. మీ పోర్టల్‌ను ఈ దృష్టితో చూడండి. "ఈ సమస్యతో ఇంతకుముందు ఎవరు కుస్తీపట్టారు?" అన్నదానికి అది 5 నిమిషాల్లో జవాబు ఇవ్వగలిగితే అది గొప్ప పోర్టల్. మిగతాది ఫోన్‌లో, వీలైతే ఎదురెదురుగా జరగాలి.

డాక్యుమెంట్లను నేను తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. అవి అద్భుతంగా పనిచేసిన చోటు కూడా ఉంది. జిరాక్స్ కంపెనీలో 1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రజ్ఞుడు కాపీ మిషన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి చూశారు. మాన్యువల్‌లో లేని సమస్యలను వాళ్లు కలిసి కూర్చుని, ఒకరికొకరు కథల్లా చెప్పుకుంటూ పరిష్కరించుకునేవారు. ఆ అవగాహనతో 1990లలో యురేకా అనే వ్యవస్థ వచ్చింది, మొదట ఫ్రాన్స్‌లో. టెక్నీషియన్ తాను కనిపెట్టిన చిట్కా రాస్తాడు, తోటి టెక్నీషియన్లే దాన్ని పరీక్షించి ఒప్పుకుంటారు, అప్పుడే అందరికీ అందుతుంది. చిట్కాలకు డబ్బు ఇద్దామా అన్న ప్రస్తావన వస్తే టెక్నీషియన్లే వద్దన్నారు, చిట్కా మీద రాసినవాడి పేరుంటే చాలన్నారు. దీనికి సంబంధించి బాగా చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఒక టెక్నీషియన్, ఖరీదైన కలర్ కాపీయర్‌ను పదేపదే సతాయిస్తున్న లోపం అర డాలరు ఖరీదు చేసే ఫ్యూజ్ హోల్డర్‌లో ఉందని రాశాడు. బ్రెజిల్‌లో అదే లోపంతో విసిగిపోయిన కస్టమర్, 40,000 డాలర్ల మిషన్‌నే మార్చమంటున్నాడు. అక్కడి టెక్నీషియన్ ఈ చిట్కా చూసి నిమిషాల్లో బాగుచేశాడు.

ఈ ఉదాహరణలో గమనించాల్సింది, ఇద్దరిదీ ఒకే వృత్తి, ఒకే మిషన్, ఒకే పదజాలం. అందుకే నాలుగు వాక్యాలు సముద్రం దాటి పనిచేశాయి. పైగా ఆ చిట్కాను పరీక్షించింది ఆ పని చేసేవాళ్లే. మా కంపెనీలో డాక్యుమెంట్లను ఆమోదించే కమిటీలో లైన్ మీద పనిచేసినవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. ఆ కమిటీలోకి ముగ్గురు షిఫ్ట్ సూపర్‌వైజర్లు వచ్చాక డాక్యుమెంట్ల సంఖ్య బాగా తగ్గింది, చదివేవాళ్లు పెరిగారు.

పాయింట్లు, బహుమతుల గురించి కూడా ఒక మాట. ఇన్ఫోసిస్ 2000ల తొలినాళ్లలో పోర్టల్‌కు రాసేవాళ్లకు పాయింట్లు ఇచ్చి, వాటిని బహుమతులుగా మార్చుకునే ఏర్పాటు చేసింది. రాతలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిని సమీక్షించేవాళ్ల మీద భారం పెరిగింది, నాణ్యత మీద, రేటింగుల మీద సందేహాలు వచ్చాయి. తర్వాత కంపెనీయే డబ్బు విలువను తగ్గించి గుర్తింపు వైపు మళ్లింది. ఈ కథను దాచకుండా పరిశోధకులతో పంచుకున్నందుకు ఆ కంపెనీని మెచ్చుకోవాలి. మీ పోర్టల్‌లో చేరిన వేల డాక్యుమెంట్లలో ఎన్ని టార్గెట్ కోసం ఎక్కించినవో ఒకసారి చూడండి. సంవత్సరాంతపు రివ్యూకు ముందు రెండు వారాల్లో అప్‌లోడ్లు ఎగబాకితే మీకు అర్థమైపోతుంది.

దాచుకునేవాళ్లు అసలు లేరా? ఉన్నారు. కేథరిన్ కొనెలీ బృందం 2012లో దీనికి మూడు రూపాలు చూపించింది: తర్వాత చెబుతానని దాటేయడం, తెలియనట్టు నటించడం, ఇది చెప్పకూడదన్న కారణం చూపించడం. మూడూ నేను చూశాను. కానీ ఎక్కువగా ఎప్పుడు చూశానంటే, పని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలుతోందని అందరికీ తెలిసి, ఎవరి ఉద్యోగం ఏమవుతుందో ఎవరికీ చెప్పని రోజుల్లో. 20 ఏళ్లు ఒక పని చేసిన మనిషిని పిలిచి "నీ స్థానంలోకి వచ్చేవాళ్లకు నేర్పించు" అంటూ, ఆయన గతేమిటో మాత్రం మాట్లాడకపోతే ఆయన ఎందుకు నోరు విప్పాలి? దాన్ని దాచుకోవడం అని పేరుపెట్టి ఆయన ఫైల్‌లో రాయడం అన్యాయం. అలాంటి ఒక బదిలీలో నేను పనిచేశాను. ఎవరిని ఉంచుతారు, ఎవరికి ఎంత పరిహారం, ఏ తేదీన అనేది ముందే కాగితం మీద పెట్టి చెప్పమని మేనేజ్‌మెంట్‌ను బతిమాలాం. చెప్పిన విభాగంలో పనివాళ్లు చివరి రోజు దాకా నేర్పించారు. వెళ్లిపోతున్న ఒకామె తాను 11 ఏళ్లుగా రాసుకున్న నోట్‌బుక్‌ను కొత్తవాళ్ల చేతిలో పెట్టి వెళ్లింది. చెప్పని విభాగంలో, అప్పగింత పూర్తయిందని సంతకాలైన తర్వాత ఏడాది పాటు అవే సమస్యలు తిరిగి తిరిగి వచ్చాయి.

బహుళజాతి కంపెనీలకే ఉన్న ఇబ్బందులు కూడా కొన్ని ఉన్నాయి. భాష అందులో మొదటిది. ఇంగ్లీషులో జరిగే కాల్‌లో గలగలా మాట్లాడేవాళ్లు తెలిసినవాళ్లలా, మాట్లాడనివాళ్లు తెలియనివాళ్లలా కనిపిస్తారు. చాలాసార్లు వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. మేం చేసినదల్లా రెండు మార్పులు: ప్రశ్నలు రెండు రోజుల ముందే రాతలో పంపడం, అవసరమైతే జవాబు సొంత భాషలో చెప్పనిచ్చి అనువాదం చేయించుకోవడం. ఒక ప్లాంటులో మూడేళ్లుగా కాల్స్‌లో ఉలుకూ పలుకూ లేని మెయింటెనెన్స్ ఫోర్‌మన్ నుంచి మా కంపెనీ మొత్తానికి పనికొచ్చిన చిట్కా వచ్చింది, సొంత భాషలో మాట్లాడమన్న రోజునే.

ఇంకోటి, జ్ఞానం హెడ్ ఆఫీసు నుంచి కిందికి పారుతుందన్న నమ్మకం. చిన్న యూనిట్లకు వనరులు తక్కువ కాబట్టి వాళ్లు తక్కువతో నెట్టుకురావడం ఎప్పుడో నేర్చుకుని ఉంటారు. పైనుంచి ఎవరూ వాళ్లను అడగరు. మీ పోర్టల్‌లో ఏ యూనిట్ డాక్యుమెంట్‌ను ఏ యూనిట్ తెరిచింది అన్న పట్టిక తీయించండి. బాణాలన్నీ హెడ్ ఆఫీసు నుంచి బయటికే ఉంటే మీరు సగం జ్ఞానాన్ని వదిలేసుకున్నట్టే. టైమ్ జోన్ల సంగతి అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను. అర్ధరాత్రి కాల్స్ ఎప్పుడూ ఒకే దేశం వాళ్లకు పడకుండా వంతులు వేసుకోండి.

ఇక మీ 3 నెలల గడువు. మొత్తం పోర్టల్ ప్రభావాన్ని నిరూపించే ప్రయత్నం మానేయండి. అది తేలదు, తేల్చినట్టు చూపిస్తే అవి కాకిలెక్కలే అవుతాయి, ఫైనాన్స్ వాళ్లు రెండో ప్రశ్నకే పట్టేస్తారు. కనీసం మూడు యూనిట్లలో ఉన్న, ఇప్పటికే ప్రతి యూనిట్ రోజూ కొలుస్తున్న ఒక సమస్యను తీసుకోండి. వృథా అయ్యే సరుకు, మిషన్ ఆగిన గంటలు, తిరిగొచ్చిన ఆర్డర్లు, ఏదైనా సరే. దాంట్లో అందరికంటే బాగున్న యూనిట్ ఏదో, అది నిజంగా బాగుందో లేక లెక్కపెట్టే పద్ధతే వేరో ముందు తేల్చుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆగిన సమయంలో 10 నిమిషాల లోపు ఆగడాలను లెక్కలో వేయని యూనిట్‌ను ఆదర్శంగా పెట్టుకుని మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం.

ఆ తర్వాత డాక్యుమెంట్ రాయించకండి. ముందు తీసుకునే యూనిట్ నుంచి ఇద్దరిని ఇచ్చే యూనిట్‌కు పంపండి. మేనేజర్లను కాదు, ఆ పని చేసేవాళ్లను. వారం చాలు. వాళ్లు చూసింది వాళ్లే రాయాలి, ఎందుకంటే తమ దగ్గరికి ఏది భిన్నమో కొత్త కళ్లకే కనిపిస్తుంది. మా రోళ్ల విషయంలో మేం ఈ పని మొదటే చేసి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. వాళ్లు తిరిగొచ్చాక ఇచ్చే యూనిట్ నుంచి ఒకరు వచ్చి మొదటి వారం పక్కనుండాలి. ప్రయాణ ఖర్చు అడిగితే పైవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఆ సమస్య వల్ల నెలకు ఎంత పోతోందో పక్కన రాసి అడగండి.

పద్ధతిని అందరికీ ఒకేసారి ఇవ్వకుండా ఒక యూనిట్‌లో ముందు, ఇంకోదాంట్లో ఆరు వారాల తర్వాత మొదలుపెట్టండి. రెండూ ముందు ఎలా ఉన్నాయో మీ దగ్గర లెక్క ఉంటుంది. మొదటిది మారి రెండోది మారకపోతే, ఆ తర్వాత రెండోది కూడా మొదలుపెట్టినప్పుడే మారితే, ఇది మార్కెట్ వల్లో సీజన్ వల్లో వచ్చింది కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ఇంత చిన్న ఏర్పాటు మీ పోర్టల్ లెక్కలన్నింటికంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

మొదటి మూడు వారాల్లో లెక్కలు పాడైతే కంగారుపడకండి. కొత్త పద్ధతి చేతికి అలవాటయ్యేదాకా పనితీరు కాస్త పడుతుంది. ఆ సంగతి రివ్యూలో అడిగాక చెబితే సాకులా వినిపిస్తుంది కాబట్టి, మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. ఆ యూనిట్ మేనేజర్‌కు ఆ నెల టార్గెట్‌లో సడలింపు కూడా అడిగి ఇప్పించండి. ఇది ఇప్పించలేకపోతే ఆయన రెండో వారమే పాత సెట్టింగులకు వెళ్లిపోతాడు, ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

మీ రంగం ఏదో, ఏ సమస్యను ఎంచుకోవాలనుకుంటున్నారో రాస్తే కొలత విషయంలో ఇంకాస్త వివరంగా చెప్పగలను. ముఖ్యంగా ఆ సమస్యను మీ 6 దేశాల యూనిట్లూ ఒకేలా లెక్కపెడుతున్నాయో లేదో ఈ వారమే కనుక్కోండి. మిగతా పనంతా దాని తర్వాతే.